కొత్త బ్యాటరీ కొనే ముందు మీటర్ పెట్టి చూడండి

ఎనిమిది నెలల్లో నా బైక్‌కి రెండు బ్యాటరీలు కొన్నాక గానీ నాకు బుద్ధి రాలేదు. మొదటిది పోయినప్పుడు, నాలుగేళ్లు వాడాం కదా, పాతబడిందిలే అనుకున్నాను. దాని బదులు వేయించిన కొత్తది ఐదో నెలకే మొండికేసింది. అది కూడా ఎక్కడ, సఖినేటిపల్లి రేవులో. గోదావరి దాటించే పంటు దిగుతూ సెల్ఫ్ నొక్కితే టక్ మని ఒకే ఒక్క చప్పుడు, వెనక ఆటోల వాళ్ల హారన్లు, ముందు ఏటవాలుగా ఒడ్డు. తోసుకుంటూ పైకెక్కించి, చెమటలు కక్కుతూ కిక్కు కొట్టి ఎలాగో ఇంటికొచ్చాను. షాపుకి తీసుకెళ్తే "బ్యాటరీ డెడ్ సార్, వేరేది వేసేద్దాం" అన్నారు, నేనూ తలూపి డబ్బులిచ్చేశాను. మూడు నెలలు తిరగకుండా అదీ దిగిపోవడం మొదలెట్టేసరికి మా ఊరి పెద్ద మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన బ్యాటరీ వంక చూడనైనా చూడలేదు. పక్క మూత విప్పి, లోపలి నుంచి మూడు పసుపు వైర్లు వెళ్లే తెల్ల కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు) ఒకటి లాగి నా చేతిలో పెట్టాడు. ఒక మూల మాడిన బెల్లం పాకం రంగులో కరిగి, లోపలి పిన్ను నల్లగా బొగ్గై ఉంది. "బ్యాటరీ ఏం చేత్తాదండి బాబూ, దానికి మేతే అందకపోతే" అన్నాడు. ఆ కప్లర్ మార్చడానికి అయిన ఖర్చు చెప్పుకుంటే సిగ్గేస్తుంది, పంటు మీద బండికీ మనిషికీ ఇచ్చే డబ్బుల కంటే కాస్త ఎక్కువ, అంతే.

అప్పటి నుంచి మా వీధిలో ఎవరి బండి సెల్ఫ్ కొట్టకపోయినా ముందు మీటర్ తీసుకుని నేనే వెళ్తున్నాను. పెద్ద విద్యేమీ కాదు, మూడు రీడింగులు చూస్తే తప్పు బ్యాటరీదా, దానికి కరెంటు పంపే వాళ్లదా, పంపిన కరెంటు దొంగచాటుగా తాగేసే ఇంకెవరిదైనానా అన్నది తేలిపోతుంది.

బండిలో కరెంటు సంగతి మన కాలువల లెక్కే. ఇంజిన్ తిరుగుతుంటే దానితో పాటు మాగ్నెట్ తిరుగుతుంది, దాని లోపల కదలకుండా బిగించి ఉన్న కాయిల్లో ఏసీ కరెంటు పుడుతుంది. స్టేటర్ అన్నా, మాగ్నెట్ కాయిల్ అన్నా అదే, మన ధవళేశ్వరం ఆనకట్ట అనుకోండి. ఆ కరెంటు ఇంజిన్ వేగాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్ని డీసీగా మార్చి 14 వోల్టుల చుట్టుపక్కల కట్టేసి ఉంచేది రెక్టిఫైయర్, అది లాకు. చిట్టచివర ఉన్న చెరువు బ్యాటరీ. చెరువు ఎండిందంటే గట్టుకి గండి పడిందా, లాకు తలుపు ఎత్తలేదా, కాలువలో పూడిక పేరుకుందా అని చూస్తాం కదా, బండి విషయానికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ కొత్త చెరువు తవ్వించేస్తాం.

మీటర్ అంటే ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకే దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. నాబ్‌ని డీసీ వోల్టులు 20 దగ్గర పెట్టి, ఎర్ర పిన్ను ప్లస్ మీద, నల్ల పిన్ను మైనస్ మీద ఆనించాలి. బోల్టు తల మీద కాకుండా కింద ఉండే సీసపు టెర్మినల్ మీదే ఆనించండి, బోల్టుకి తుప్పు ఉంటే రీడింగు అబద్ధం చెబుతుంది. ఒక్క హెచ్చరిక: ఎర్ర వైరు ఆంపియర్లు కొలిచే రంధ్రంలో ఉండగా పొరపాటున కూడా బ్యాటరీ రెండు కొసలకీ ఆనించకండి, నేరుగా షార్టే. నా మొదటి మీటర్ ఫ్యూజు అలాగే పోయింది.

మొదటి రీడింగు రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక, పొద్దున తాళం పెట్టకముందు చూడాలి. ఇప్పుడే తిరిగొచ్చిన బండికి చూస్తే 13 చూపిస్తుంది, సంబరపడకండి, అది పైపై నురగ. రాత్రి గడిచాక 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 దగ్గర ఉంటే పావు వంతు మిగిలినట్టు. 12 వోల్టుల బ్యాటరీలో ఒక్కోటి 2.1 వోల్టుల చొప్పున ఆరు సెల్లులు ఉంటాయి, కాబట్టి ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే ఒక సెల్లు లోపల చచ్చిపోయినట్టు. దానికి వైద్యం లేదు, మార్చేయడమే.

రెండోది, మీటర్ అలాగే పెట్టి ఉంచి ఎవరి చేతనైనా సెల్ఫ్ నొక్కించండి. అంకె ఒక్కసారిగా పడుతుంది, అది సహజమే, కానీ 9.6 కంటే కిందికి జారకూడదు. 12.6 చూపించిన బ్యాటరీయే సెల్ఫ్ నొక్కగానే 7కి, 6కి కూలిపోతోందంటే పైకి నిండుగా కనిపిస్తున్నా లోపల సత్తువ లేదన్నమాట. అంకె 12 దగ్గరే కదలకుండా ఉండి సెల్ఫ్ మాత్రం తిరగకపోతే అసలు కరెంటే అటు వెళ్లడం లేదు, అప్పుడు బ్యాటరీని వదిలేసి సెల్ఫ్ రిలే, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, ఎర్తు వైరు చూడండి. ఒక్క టక్‌కి, టకటకా టకటకా అని వరసగా కొట్టుకోవడానికి కూడా తేడా ఉంది. వరసగా కొట్టుకుంటే చాలావరకు ఛార్జ్ తక్కువ, లేదా టెర్మినల్ వదులు.

మూడోదే అసలు రీడింగు, పదిమందిలో తొమ్మిదిమంది చూడనిదీ ఇదే. బండి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు తిరగనివ్వండి, హెడ్‌లైట్ వేసే ఉంచి, మెల్లగా 4000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయండి. ఆర్‌పీఎం మీటర్ లేకపోతే రోడ్డు మీద 40, 50లో వెళ్లేటప్పుడు ఇంజిన్ ఎలా మోగుతుందో అంత. బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 మధ్య నిలబడితే ఆనకట్ట, లాకు, కాలువ మూడూ బాగున్నట్టే. ఎంత రేజ్ చేసినా 12.3, 12.2, అలా దిగుతూ పోతుంటే ఛార్జింగ్ ఎక్కడం లేదు, కొత్త బ్యాటరీ వేసినా వారం తిరిగేసరికి మళ్లీ ఇదే కథ. 15 దాటి పోతుంటే రెక్టిఫైయర్ పట్టు తప్పింది, బల్బులు మాటిమాటికీ మాడిపోవడం, బ్యాటరీ పొట్ట ఉబ్బడం, కుళ్లిన కోడిగుడ్డు వాసన రావడం దీని గుర్తులే. ఆ వాసన వస్తే బండి ఆపి దూరంగా ఉండండి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకండి.

మొదటి రెండు రీడింగుల్లో తేడా ఉండి మూడోది బాగుందంటే సమస్య బ్యాటరీది గానీ టెర్మినల్‌ది గానీ అయ్యుంటుంది. మన ప్రాంతంలో ముందు టెర్మినల్‌నే అనుమానించాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల తేమ, ఆరునెలల్లో లగ్గుల (వైరు కొసన టెర్మినల్‌కి బిగించే లోహపు ముక్కల) మీద తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పేరుకుంటుంది. మైనస్ వైరు ముందు విప్పండి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. ఎందుకంటే మైనస్ ఛాసిస్‌కి కలిపి ఉంటుంది, అది ఉండగా ప్లస్ బోల్టు విప్పుతూ స్పానర్ ఛాసిస్‌కి తగిలితే నిప్పులే. గోరువెచ్చటి నీళ్లలో వంట సోడా ఒక చెంచా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పొడి బుసబుసా పొంగి వదిలిపోతుంది. తడి గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, బిగించాక పైన వాజలిన్ రాయండి. ముందే రాసి బిగించకండి, కలిసే చోట లోహానికి లోహమే తగలాలి. బోల్టు ఎలా ఉండాలంటే వైరు పట్టుకుని తిప్పితే లగ్గు ఇసుమంత కూడా కదలకూడదు. కదిలిందంటే ఇన్నాళ్లూ మీరు తిట్టుకున్న బ్యాటరీకి ఏ పాపమూ తెలియదు.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకండి. మా దగ్గర బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి, అలాంటివి బ్యాటరీలో పోస్తే దాన్ని చేతులారా చంపడమే. పై గీత దాటకుండా పోయాలి. మెయింటెనెన్స్ ఫ్రీ రకానికి మూత పీకి నీళ్లు పోసే తెలివితేటలు చూపించకండి.

గల్ఫ్ వెళ్లిన వాళ్ల బండ్లది వేరే బాధ. వరండాలో దుప్పటి కప్పి పెట్టేసి రెండేళ్లకు సంక్రాంతికి వస్తారు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్దామని తాళం తిప్పితే మీటర్ బోర్డులో లైటు కూడా వెలగదు. అంతకాలం ఖాళీగా పడున్న బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, చాలావరకు అది తిరిగి లేవదు. ఒక ప్రయత్నంగా ఛార్జర్ పెట్టి చూడొచ్చు, అయితే బ్యాటరీ మీద రాసి ఉన్న ఆంపియర్ అవర్లలో (ఏహెచ్) పదోవంతు కరెంటే ఇవ్వాలి, అంటే 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియర్ చొప్పున పది పన్నెండు గంటలు. లారీ బ్యాటరీల ఛార్జర్‌కి తగిలించి గంటలో ఎక్కించేస్తామనే వాళ్ల దగ్గర ఇవ్వకండి, ఉడికిపోతుంది. ఛార్జ్ అయ్యాక తీసేసి ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి, 12.4 కంటే కిందికి దిగిపోయి ఉంటే ఆశ వదులుకోవచ్చు. ఈసారి వెళ్లేటప్పుడు మైనస్ వైరు విప్పేసి వెళ్లండి, ఇంట్లో ఎవరైనా ఉంటే నెలకోసారి ఛార్జర్ పెట్టించండి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయమని అత్తగారికి చెప్పి వెళ్తారు చాలామంది, ఆ ఐదు నిమిషాల ఐడిలింగ్‌లో సెల్ఫ్ వాడుకున్న కరెంటు కూడా సరిగ్గా తిరిగి రాదు.

ఇక మూడో రీడింగు పడిపోయిన బండి. ఇక్కడ తొందరపడి రెక్టిఫైయర్ కొనేయకండి, కాయిల్ అసలే కొనకండి. ముందు ఫ్యూజు చూడండి, తర్వాత కప్లర్లు. కాయిల్ నుంచి రెక్టిఫైయర్‌కి వెళ్లే కప్లర్ విప్పి లోపలికి టార్చ్ వేయండి. పచ్చటి చిలుము, వదులైన పిన్ను, కరిగిన ప్లాస్టిక్, ఏది ఉన్నా అక్కడే దొరికిపోతుంది. మామూలుగా జరిగేది ఏమిటంటే పిన్నుకి చిలుము పట్టి సరిగ్గా ఆనదు, ఆనని చోట వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకాస్త వదులవుతుంది, మళ్లీ వేడి, చివరికి నా చేతిలో పెట్టిన ఆ పాకం ముక్క.

కప్లర్ బాగుంటే అది విప్పి ఉండగానే కాయిల్‌ని పరీక్షించండి. మూడు వైర్లు ఒకే రంగులో వచ్చే త్రీఫేజ్ బండి అయితే సులువు. ఇంజిన్ ఆపి, మీటర్ 200 ఓమ్‌ల దగ్గర పెట్టి, ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ, ఇలా జతజతగా చూడండి. ఒక ఓమ్ అటూ ఇటూగా చిన్న అంకె వస్తుంది, మూడు జతలూ ఒకేలా ఉండాలి. తర్వాత ఒక్కో వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య చూడండి, అసలు దారే ఉండకూడదు, బీప్ మోగిందంటే కాయిల్ బాడీకి కాలి అతుక్కుంది. ఆ తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వోల్టులు 200లో మళ్లీ జతలు చూడండి, రేజ్ చేసేకొద్దీ పెరుగుతూ పోవాలి, అంకె బండిని బట్టి మారుతుంది గానీ మూడు జతల్లోనూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక జత ఐదారు వోల్టుల దగ్గర నిద్రపోతుంటే కాయిల్ పోయినట్టే. ఈ పరీక్షలో వైర్ల కొసలు వేళ్లతో పట్టుకోకండి, రేజ్ చేసినప్పుడు వచ్చే వోల్టులు గట్టిగానే కొడతాయి.

పాత వందా సీసీ బండ్లకు ఈ లెక్క యథాతథంగా సరిపోదు. వాటిలో చాలావాటికి ఛార్జింగ్‌కి ఒక చుట్టు, లైటుకి ఒక చుట్టు ఉండి, ఒక కొస బాడీకే కలిపి ఉంటుంది, కాబట్టి బాడీకి బీప్ మోగినంత మాత్రాన కాయిల్ పోయిందని గొడవ పెట్టుకోకండి. అలాంటి వాటిలో హెడ్‌లైట్ నేరుగా మాగ్నెట్ నుంచే వెలుగుతుంది, ఐడిలింగ్‌లో మసగ్గా, రేజ్ చేస్తే పట్టపగలు, దాన్ని చూసి బ్యాటరీ పోయిందని చెప్పే వాళ్ల మాట నమ్మొద్దు.

కాయిల్ మంచిది, కప్లర్ మంచిది, అయినా బ్యాటరీ దగ్గర అంకె లేవడం లేదంటే రెక్టిఫైయర్‌నో, అక్కడి నుంచి బ్యాటరీ దాకా ఉన్న దారినో అనుమానించాలి. ముందు దారి చూడండి, అది ఉచితం. ఇంజిన్ తిరుగుతుండగా డీసీ వోల్టుల్లో, ఒక పిన్ను రెక్టిఫైయర్ నుంచి బయటికొచ్చే ఎర్ర వైరు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. దారి శుభ్రంగా ఉంటే సున్నాకి దగ్గరగా వస్తుంది, 0.3 దాటిందంటే మధ్యలో ఎక్కడో వోల్టులు కారిపోతున్నాయి. అలాగే రెక్టిఫైయర్ ఎర్తు వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య, ఈ ఎర్తు కొన్ని బండ్లలో ఆకుపచ్చ, కొన్నిట్లో నలుపు. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఎర్తు దగ్గరే, ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు గీకి మళ్లీ బిగిస్తే సగం బండ్లు బాగైపోతాయి. ఇవన్నీ అయ్యాక మిగిలింది రెక్టిఫైయరే. చాలా బండ్లలో అది అదనపు కరెంటుని వేడిగా మార్చి వదిలేస్తుంది, అందుకే ఒంటి నిండా రెక్కలుంటాయి, అందుకే గాలి తగిలే చోట పెడతారు. దాని మీద బురద అట్టకట్టి ఉంటే కడగండి. మార్చాల్సి వస్తే చవకరకం కొనకండి, నేను మీటర్ పట్టుకుని తిరిగిన రెండేళ్లలో కొత్తగా వేసిన చవక రెక్టిఫైయర్లే ఎక్కువ 15 దాటడం చూశాను.

మూడు రీడింగులూ బాగున్నా మూడు రోజులు తీయకపోతే బండి పడుకుంటోందంటే దొంగ ఉన్నాడు. తాళం తీసేసి, మీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ మైనస్ లగ్గు విప్పి, ఆ లగ్గుకీ టెర్మినల్‌కీ మధ్య మీటర్ పెట్టండి. సెల్ఫ్ మాత్రం నొక్కకండి. మామూలు బండి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, గడియారం లాంటివి ఉంటే ఇంకాస్త. 50 మిల్లీ ఆంపియర్లు కనిపించిందనుకోండి, 5 ఏహెచ్ బ్యాటరీ వంద గంటల్లో, అంటే నాలుగు రోజుల్లో మొత్తం ఖాళీ. ఒక్కో ఫ్యూజు పీకుతూ చూస్తే ఏది పీకినప్పుడు అంకె పడిందో ఆ లైనులోనే దొంగ. ఫ్యూజులన్నీ పీకినా తగ్గకపోతే బ్యాటరీకి నేరుగా కలిపిన వాటిని చూడండి, ఫోన్ ఛార్జర్, జీపీఎస్, అలారం. రెక్టిఫైయర్ కూడా లోపల లీకై రాత్రంతా వెనక్కి తాగేస్తుంది, దాని కప్లర్ పీకితే తెలిసిపోతుంది.

లైట్ల పిచ్చి గురించి కూడా చెప్పాలి. 2017 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లకు హెడ్‌లైట్ ఇంజిన్‌తో పాటు వెలుగుతూనే ఉంటుంది, ఆర్పే స్విచ్ లేదు. 35 వాట్ల బల్బు అంటేనే దాదాపు మూడు ఆంపియర్లు. దాని మీద రాత్రిళ్లు చెరువు గట్ల మీద తిరగడానికి 20 వాట్ల ఫోకస్ లైట్లు రెండు, బస్సు హారన్ ఒకటి, ఫోన్ ఛార్జర్. రోడ్డు మీద పోతుంటే కాయిల్ లాక్కొస్తుంది గానీ రావులపాలెం సెంటర్లో అరగంట ఇరుక్కుంటే ఐడిలింగ్‌లో వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. ఫోకస్ లైట్లు వేసి మూడో రీడింగు మళ్లీ చూడండి, 13 కంటే తగ్గితే ఏదో ఒకటి పీకేయక తప్పదు. మా తమ్ముడు మాత్రం హారన్ పీకనంటే పీకనన్నాడు, కిక్కు కొట్టుకుంటున్నాడు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్. పెట్రోల్ పంపు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) రెండూ కరెంటు మీదే బతుకుతాయి, పూర్తిగా చచ్చిన బ్యాటరీతో తోసి స్టార్ట్ చేద్దామంటే చాలాసార్లు కుదరదు. ఇంకో మాట, ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు విప్పి "ఛార్జింగ్ ఉందో లేదో చూద్దాం" అనే పాత పద్ధతి ఈ బండ్ల దగ్గర ఎవరు చేసినా చెయ్యి పట్టుకుని ఆపండి, బ్యాటరీ లేని లైన్లో వోల్టులు ఒక్కసారిగా ఎగిసి ఈసీయూ పోతుంది, దాని ధర వింటే టెన్షన్ వస్తుంది.

జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంకల్లో బండి నీళ్లలో మునిగితే తాళం తిప్పి చూడాలనే కోరికను చంపుకోండి. ముందు మైనస్ విప్పేయాలి. మంచినీళ్లతో బురద కడిగి, కప్లర్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి ఎండలో ఆరబెట్టాలి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి, ఇంజిన్ ఆయిల్ మార్చాలి, అప్పుడు తాళం. వాషింగ్ చేయించేటప్పుడు కూడా సీటు కింద, హెడ్‌లైట్ వెనక జెట్ పంపు కొట్టనివ్వకండి.

ఇన్ని చూశాక కూడా బ్యాటరీయే పోయిందని తేలితే, కొనేటప్పుడు దాని మీద తయారీ నెల చూడండి, షాపు అరలో ఏడాది కూర్చున్నది వద్దు. అదే ఏహెచ్, అదే సైజు తీసుకోండి. బిగించే ముందు నిండా ఛార్జ్ చేసి ఇమ్మనండి, వారంటీ కార్డు మీద తేదీ వేయించుకోండి. బిగించాక అక్కడే, షాపు ముందే, స్టార్ట్ చేయించి మూడో రీడింగు చూడండి. 13.5 దాటితే పాతది ఇచ్చేసి, దానికిచ్చే డబ్బులు తగ్గించుకుని రండి. దాటకపోతే పాత బ్యాటరీని అక్కడ వదలకండి, కొత్తది బిగించినా ఛార్జింగ్ సంగతి అలాగే ఉంది, పాతదాని తప్పు లేకపోయి ఉండొచ్చు కూడా.